ఫిరంగికీ ఫ్రాంక్‌కీ చుట్టరికం

గోల్కొండ కోటలో పెట్ల బురుజు ఎక్కితే ఫతే రహ్బర్ అనే పెద్ద ఫిరంగి కనిపిస్తుంది. 1687లో ఔరంగజేబు సేన కోటను ముట్టడించినప్పుడు వాడిన ఫిరంగుల్లో అదొకటి. చూడవచ్చినవాళ్లు దాని పొడవు చూసి ఆశ్చర్యపోతారు, మీద చెక్కిన పారశీక అక్షరాలను వేలితో తడుముతారు, ఫోటో దిగి దిగిపోతారు. ‘ఫ్రాంక్‌గా చెప్పాలంటే...’ అని రోజుకు పదిసార్లు మన నోట దొర్లే మాటకీ, ఎదురుగా ఉన్న ఆ లోహపు గొట్టం పేరుకీ మూలం ఒకటేనని అక్కడ నిలబడ్డవాళ్లకు తట్టే అవకాశం లేదు. కానీ చుట్టరికం గట్టిదే. రెండూ ఒకే తెగ పేరు నుంచి పుట్టాయి.

ఆ తెగ ఫ్రాంకులు. రైన్ నది పరిసరాల్లో బతికిన జర్మన్ జాతివాళ్లు. వాళ్లు విసిరే ఒక రకం ఈటె పేరు మీదే తెగకు ఆ పేరు వచ్చిందని చాలామంది పండితుల ఊహ. రోమన్ సామ్రాజ్యం పడమటి భాగం కుప్పకూలిన 5వ శతాబ్దం చివర్లో క్లోవిస్ అనే రాజు కింద వీళ్లు గాల్ దేశాన్ని చాలా మేరకు గెలుచుకున్నారు. ఆ నేల ఫ్రాన్స్ అయింది. గెలిచినవాళ్లకూ, వాళ్ల ప్రాపకంలోకి వచ్చినవాళ్లకూ మాత్రమే అక్కడ పూర్తి స్వేచ్ఛ. మిగతావాళ్లు ఏదో ఒక రకంగా ఎవరో ఒకరికి కట్టుబడి ఉండాలి. దాంతో లాటిన్‌లో ‘ఫ్రాంకుస్’ అంటే మొదట ఆ తెగ మనిషి, తర్వాత ఎవరి కిందా లేని మనిషి అన్న అర్థం స్థిరపడింది. తెగ పేరు కాస్తా హోదా పేరయింది.

అదే పేరు తూర్పు దారి కూడా పట్టింది. 11వ శతాబ్దం చివర మొదలైన క్రూసేడు యుద్ధాల్లో పడమటి నుంచి వచ్చిన సైనికులందరినీ, వాళ్లది ఏ దేశమైనా, అరబ్బులు ఫ్రాంకులనే పిలిచారు. అది పారశీకంలో ‘ఫరంగ్’ అయింది, హిందుస్తానీలో ‘ఫిరంగీ’ అయింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసువాళ్లకు ఈ పేరు అతుక్కుపోయింది. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్‌ను తమిళులు ఇప్పటికీ పరంగిమలై అంటారు. తెలుగులో మనిషి వెనక్కి పోయి అతను తెచ్చిన ఆయుధం ముందుకొచ్చింది. ఫిరంగి అంటే మనకిక తోపు తప్ప ఇంకొకటి కాదు. 16వ శతాబ్దపు వైద్య గ్రంథం భావప్రకాశంలో సుఖవ్యాధికి ఫిరంగ రోగం అని పేరు పెట్టారు. అలాంటి జబ్బులకు వాడిన పరంగిచెక్కను మూలికల కొట్లో నేటికీ ఆ పేరుతోనే అడుగుతారు. గెలుపు అందుకున్నవాడి నోట స్వేచ్ఛ అని పలికిన మాట, దెబ్బ తిన్నవాడి నోట తోపు అని, రోగం అని పలికింది. ఒక మాట చరిత్రలో ఇంతకంటే న్యాయమైన సాక్ష్యం నాకు ఎక్కడా కనబడలేదు.

ఇంగ్లీషులోకి ‘ఫ్రాంక్’ 1300 ప్రాంతంలో ఫ్రెంచి ద్వారా వచ్చింది. అప్పటి అర్థం నిజాయితీ కాదు, బానిస కానివాడు అని. తర్వాత ధారాళంగా ఇచ్చేవాడు అన్న అర్థం చేరింది. దాచుకోవాల్సిన అవసరం లేనివాడే కదా చెయ్యి చాపి ఇస్తాడు. 16వ శతాబ్దం మధ్యకు గానీ ఆ ధారాళం చేతి నుంచి నోటికి రాలేదు. మనసులో ఉన్నది ఉన్నట్టు అనేవాడు అన్న అర్థం అప్పుడు వచ్చింది. ఈ వరస యాదృచ్ఛికం కాదు. పాలేరు దొర ముఖం చూసి మాట్లాడాలి. దొరకు ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. దాపరికం లేని మాట మొదట గుణం కాదు, వెసులుబాటు.

ఇంగ్లీషు సాహిత్య పండితుడు సి.ఎస్. లూయిస్ 1960లో ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’ అనే పుస్తకంలో ఈ సంగతి పట్టుకున్నాడు. హోదాను చెప్పే మాటలు కాలక్రమంలో గుణాన్ని చెప్పే మాటలుగా మారతాయని ఆయన చూపించాడు. పై వర్గం పేర్లు మంచి గుణాలవుతాయి, కింది వర్గం పేర్లు చెడ్డ గుణాలవుతాయి. మన సినిమాల్లో హీరో చేతిలో తన్నులు తినే ‘విలన్’ ఒకప్పుడు దొర పొలంలో పని చేసుకునే పల్లెటూరి రైతు. అంతకు మించి అతను చేసిన నేరం లేదు. పొలం పని చేసినవాడు దుర్మార్గుడయ్యాడు, పొలం ఏలినవాడు ఫ్రాంక్ అయ్యాడు. నిజాయితీకి ఇంగ్లీషులో ఉన్న మాటల్ని ఒక్కొక్కటే తిరగేసి చూస్తే దాదాపు ప్రతిదాని అడుగునా ఇలాంటి మెట్టు ఒకటి బయటపడుతుంది.

ఫ్రాంక్ కుటుంబం పెద్దది. ఫ్రాన్సులో 2002 దాకా చెలామణీ అయిన ఫ్రాంక్ నాణెం మొదట 1360లో ముద్రపడింది. అంతకు నాలుగేళ్ల ముందు పువాతియే యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు చిక్కిన జాన్ రాజు, డబ్బు ఒప్పందం కుదిరి విడుదలైన సందర్భం అది. నాణెం మీద ‘ఫ్రాంకుల రాజు’ అని లాటిన్‌లో ఉన్నందువల్ల ఆ పేరొచ్చిందంటారు, రాజు చెర వదిలి స్వేచ్ఛ పొందాడు కాబట్టి వచ్చిందని కూడా అంటారు. క్రికెట్ జట్ల ‘ఫ్రాంచైజీ’ ఇదే కుటుంబం. అసలు అర్థం పైవాడు ఇచ్చిన మినహాయింపు. ఓటు హక్కును కూడా ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రాంచైజ్’ అంటారు. ప్రభువంశం కాకపోయినా సొంత భూమి ఉన్న స్వతంత్రుడిని మధ్యయుగాల్లో ‘ఫ్రాంక్లిన్’ అనేవారు.

తపాలా సంగతి విడిగా చెప్పుకోవాలి. రిజిస్ట్రారు ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి పత్రం మీద వేయించుకునే ‘ఫ్రాంకింగ్’ ముద్ర మనలో చాలామందికి తెలుసు. దాని పూర్వీకుడు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల సంతకం. సభ్యుడు కవరు మీద తన పేరు రాస్తే ఆ ఉత్తరానికి తపాలా ఖర్చు ఉండదు. అప్పట్లో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి ఉండేది, మామూలు మనిషికి అది భారం. అందుకని సభ్యుల చుట్టూ బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఖాళీ కవర్లు పట్టుకుని తిరిగేవారు. దుర్వినియోగం ముదిరాక 1784లో నిబంధన బిగించారు. చిరునామా అంతా, ఊరూ తేదీతో సహా, సభ్యుడు స్వదస్తూరీతో రాయాలన్నారు. అయినా దొంగ సంతకాలు ఆగలేదు.

లారెన్స్ హైన్స్ హాలరన్ అనే బడిపంతులు కథ దీనికి ముడిపడి ఉంది. పద్యాలు రాసేవాడు, మతగురువునని చెప్పుకునేవాడు. 1818లో సర్ విలియం గారో అనే పార్లమెంటు సభ్యుడి సంతకాన్ని ఒక కవరు మీద ఫోర్జరీ చేశాడని ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబెట్టారు. ఆ సంతకంతో మిగిలిన సొమ్ము 10 పెన్నీలు. పడిన శిక్ష 7 ఏళ్ల ద్వీపాంతరవాసం. మరుసటి ఏడు ఓడలో సిడ్నీ చేరాడు, అక్కడ మళ్లీ బడి పెట్టాడు, ఆ ఊరి చదువుల చరిత్రలో నిలిచాడు. ‘ఫ్రాంక్’ అనే ఆ ముద్ర కొందరికి పుట్టుకతోనో పదవితోనో వచ్చింది. లేనివాడు దాన్ని అరువు తెచ్చుకుంటే సముద్రాలు దాటించారు. 1840 జనవరి 10న దేశమంతటికీ ఒక పెన్నీ తపాలా వచ్చింది, ఆ రోజే సభ్యుల ఉచిత సంతకం రద్దయింది.

అమెరికా వలసల్లో ఉప తపాలాధిపతిగా పనిచేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు కూడా ఈ ఉచిత సంతకం ఉండేది. ఆయన కవరు మీద మామూలుగా ‘ఫ్రీ’ అని, కింద పేరు రాయాలి. దాన్ని మార్చి ‘బి. ఫ్రీ ఫ్రాంక్లిన్’ అని రాసేవాడు. స్వేచ్ఛ పొందు అని అర్థమొచ్చేలా పేరులోనే పిలుపునిచ్చాడన్నమాట. ఫ్రాంక్లిన్ అన్న ఇంటిపేరుకు అర్థం స్వతంత్రుడనే. తెగ పేరు, హోదా, తపాలా ముద్ర, రాజకీయం, నాలుగూ కలిసిన సంతకం అది.

‘ఆనెస్ట్’ కథలో మెట్టు ఇంకా స్పష్టంగా ఉంటుంది. లాటిన్‌లో ‘హోనోస్’ అంటే గౌరవం. రోమ్‌లో ప్రజలిచ్చే పదవికి కూడా అదే పేరు. అలాంటి గౌరవం ఉన్నవాడు ‘హోనెస్తుస్’. అంటే పరువుగలవాడు. అబద్ధం ఆడతాడా లేదా అన్నది మొదట్లో ఆ మాటలో లేదు. ఇంగ్లీషులో కూడా చాలాకాలం ఆనెస్ట్ అంటే మర్యాదస్థుడు అనే. ఆడదాని విషయంలో అయితే శీలవతి అని. పరువు మాట నిజాయితీ మాటగా మారుతున్న సంధికాలంలో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ రాశాడు. ఆ నాటకంలో ఈ మాటా దాని రూపాలూ 52 సార్లు వస్తాయని విలియం ఎంప్సన్ అనే విమర్శకుడు లెక్కగట్టి 1951లో వచ్చిన తన పుస్తకంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. నాటకంలో అందరూ ‘ఆనెస్ట్’ అని పిలిచేది ఇయాగోని. కథలో అందరికంటే పచ్చి మోసగాడు అతనే.

ఎంప్సన్ చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనది వేరే ఉంది. ఆ రోజుల్లో పైవాడు కిందివాడి వీపు తట్టి మెచ్చుకోవడానికి కూడా ఆ మాట వాడేవాడు. నమ్మకస్తుడు, మనవాడు, చెప్పిన పని చేస్తాడు అన్న అర్థంలో. మన పల్లెల్లో కామందు పాలేరు గురించి ‘వాడు మంచోడు’ అన్నప్పుడు ఆ మెప్పులోనే వాడి స్థానం కూడా వినిపిస్తుంది కదా, అచ్చం అలాగే. తనకు రావాల్సిన పదవి ఇంకొకడికి పోయి లోపల రగిలిపోతున్న ఇయాగోకు చుట్టూ ఉన్నవాళ్లు రోజంతా ఇచ్చింది ఈ మెప్పే. ఆ 52 సార్లనూ ఈ దృష్టితో చదివితే నాటకం ఇంకో రకంగా కనిపిస్తుంది.

‘క్యాండిడ్’ మాట చంద్రుడి వైపు బంధువు. సంస్కృతంలో ‘చంద్ర’ అంటే మెరిసేది. అదే మూలం నుంచి లాటిన్‌లో వెలుగు, తెలుపు అనే అర్థంలో ‘కాందిదుస్’ వచ్చింది. క్యాండిల్ ఆ ఇంటిదే, ఎన్నికల్లో నిలబడే క్యాండిడేట్ కూడా ఆ ఇంటివాడే. రోమ్‌లో పదవికి పోటీపడేవాడు తన ఉన్ని టోగాకు సుద్ద పూసి తళతళలాడించి, ఆ తెల్లబట్టతో సంత వీధిలో తిరుగుతూ ఒక్కొక్కరి చేయీ పట్టుకుని ఓటు అడిగేవాడు. దూరం నుంచే కనబడాలని ఆ తెలుపు. క్రీ.పూ. 432లోనే, పోటీ కోసం బట్టకు తెలుపు పూయకూడదని ఒక చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. చట్టం నిలవలేదు. కొన్ని శతాబ్దాల తర్వాత సిసిరో కాలంలో కూడా ఆ తెల్ల టోగాలు తిరుగుతూనే ఉన్నాయి.

17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన క్యాండిడ్ మొదట రంగు మాటే. ఆ తర్వాత మచ్చ లేనిది, కల్మషం లేనిది. 18వ శతాబ్దంలో ఇంకో అర్థం రాజ్యమేలింది. ఇప్పటివాళ్లకు అది తలకిందులుగా తోస్తుంది. ఎదుటివాడిలో మంచినే చూసేవాడు, అందరి గురించీ మెత్తగా తలచేవాడు క్యాండిడ్. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో తెలుపు అన్న అర్థం అరుదైపోయిందని చెప్పి, ద్వేషం లేనిది అన్న అర్థాన్ని ముందుకు తెచ్చాడు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తన ఫిర్యాదులను ‘క్యాండిడ్’ ప్రపంచం ముందు పెడుతున్నానన్నప్పుడు, ముందే ఒక పక్షం పట్టని ప్రపంచం అని దాని భావం. జేన్ ఆస్టిన్ 1813 నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో పెద్దక్క జేన్ ఇలాంటి మనిషి. ఎవరిలోనూ చెడు చూడదు. చెల్లెలు ఎలిజబెత్ ఆమెను ఆ మాటతోనే మెచ్చుకుంటుంది. నేటి అర్థంలో చదివితే ఆ సంభాషణ అర్థం కాదు.

ఎదుటివాడి మంచిని చూడటం అనే గుణం, ఎదుటివాడి తప్పును ముఖం మీద చెప్పడం అనే గుణంగా ఎలా మారింది? దారి ఇది: ద్వేషం లేనివాడి మాటకు దాపరికం ఉండదు. ద్వేషం లేదు కాబట్టి వాడు చెప్పే చేదు కూడా మన మంచికే. ఆ తర్వాత, చేదు చెప్పదలుచుకున్న ప్రతివాడూ నాకు ద్వేషం లేదు అన్న ముసుగు కోసం ఆ మాట వాడుకున్నాడు. వాడగా వాడగా దయ రాలిపోయి చేదు మిగిలింది. ఈ నష్టం నన్ను బాధపెడుతుంది. మంచి చూసే గుణానికి ఉన్న ఒక మాటను ఇంగ్లీషు పోగొట్టుకుంది.

ఇదే మాట మన పెళ్లిళ్లలోకి వచ్చిన దారి వేరు, అదొక మనిషి గుండా వచ్చింది. బెర్లిన్‌లో ఎరిక్ సాలమన్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1920లలో ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా వచ్చింది. ఫ్లాష్ పొడి మండించకుండానే గదిలోని వెలుతురుకే బొమ్మ పడేది. 1928లో ఒక హత్య కేసు విచారణలో టోపీలో కెమెరా దాచి కోర్టు లోపలి బొమ్మలు తీశాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సమావేశాల్లో దూరి, అర్ధరాత్రి దాటాక సోఫాల్లో ఒరిగి కునుకు తీస్తున్న మంత్రుల్ని తీశాడు. లండన్ పత్రిక ‘గ్రాఫిక్’ ఈ తరహాకు ‘క్యాండిడ్ కెమెరా’ అని పేరు పెట్టింది. సాలమన్ యూదుడు. 1944లో ఆష్విట్జ్ శిబిరంలో ఆయన్ని చంపేశారు. ఇవాళ గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెళ్లి మాట్లాడుకునేటప్పుడు ‘ట్రెడిషనల్ ఇద్దరు, క్యాండిడ్ ఒకరు’ అని ఫోటోగ్రాఫర్ల లెక్క చెప్తారు. జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు ట్రెడిషనల్ అతను ‘ఇటు చూడండి’ అంటాడు, క్యాండిడ్ అతను పక్కనుంచి వధువు తల్లి కళ్లు తుడుచుకునే క్షణాన్ని పట్టుకుంటాడు. ఆల్బమ్‌లో ఇంటిల్లిపాదీ ఎక్కువసేపు ఆగేది ఆ రెండో రకం బొమ్మ దగ్గరే. సాలమన్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. తెలియాలని నా కోరిక.

‘సిన్సియర్’ గురించి మనకు బళ్లలో చెప్పే కథ నిజం కాదు. రోమన్ శిల్పులు పాలరాతి పగుళ్లలో మైనం నింపి అమ్మేవారని, అలా చేయని నిజాయితీపరులు ‘మైనం లేనిది’ అని లాటిన్‌లో రాసుకునేవారని, అదే సిన్సియర్ అయిందని ఆ కథ. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో కూడా దీన్ని చెప్తూ ఉంటారు. నిఘంటువులు రాసేవాళ్లు ఒప్పుకోరు. లాటిన్ ‘సిన్కెరుస్’ అంటే శుద్ధమైనది, కలగలపు లేనిది. ఒకే మొలకగా పెరిగినది అన్నది మూలార్థం కావచ్చని వాళ్ల అంచనా. మైనం కథ కంటే ఇదే నాకు అందంగా అనిపిస్తుంది. 1530లలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఇది మనుషులకంటే వస్తువులకు ఎక్కువ వాడిన మాట అని 1972లో విమర్శకుడు లయొనెల్ ట్రిల్లింగ్ తన పుస్తకంలో గుర్తుచేశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పేతురు మొదటి పత్రికలో పాలకు ఈ విశేషణం ఉంది. సిన్సియర్ పాలు అంటే నీళ్లు కలపని పాలు. మనిషి సిన్సియర్ అంటే లోపల ఒకటి, బయట ఇంకొకటి కలపనివాడు అన్న అర్థం ఆ శుద్ధి నుంచే వచ్చింది.

ముఖస్తుతి లేకుండా ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలవడాన్ని ఇంగ్లీషువాళ్లు ‘పారను పార అనడం’ అంటారు. ఈ నానుడిలోకి పార వచ్చింది ఒక పొరపాటు వల్ల. మాసిడోనియా రాజు ఫిలిప్ క్రీ.పూ. 348లో ఒలింథుస్ నగరాన్ని పట్టుకున్నాడు. లోపలివాళ్లే కోట అప్పగించారు. వాళ్లలో ముఖ్యుడు లాస్థెనీస్. తర్వాత ఆ మనుషులు ఫిలిప్ దగ్గర మొరపెట్టుకున్నారు, మీ సైనికులు మమ్మల్ని ద్రోహులు అంటున్నారని. ఫిలిప్ ఇచ్చిన జవాబును గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసి ఉంచాడు. మావాళ్లు మోటు మనుషులు, తొట్టిని తొట్టే అంటారు అని దాని సారం. గ్రీకులో తొట్టి ‘స్కఫే’. 16వ శతాబ్దంలో పండితుడు ఎరాస్మస్ దాన్ని లాటిన్‌లోకి తెస్తూ, అలాంటి శబ్దమే ఉన్న తవ్వే పనిముట్టుగా పొరబడ్డాడు. 1542లో నికొలస్ యూడాల్ ఎరాస్మస్‌ను ఇంగ్లీషు చేసి ‘స్పేడ్’ అన్నాడు. అప్పటి నుంచి ఇంగ్లీషు నిర్మొహమాటానికి గుర్తు పార అయింది. ఇక్కడ కూడా మెట్టు చూడండి. గ్రీసు నాగరికులకు మాసిడోనియావాళ్లు మోటువాళ్లు. ఫిలిప్ ఆ నింద తనే ఎత్తుకుని, దాని చాటున తన సైనికుల మాటను కాపాడాడు. మర్యాదస్థుడు అనలేని నిజాన్ని మోటువాడి నోట అనిపించాడు. 1920ల నుంచి అమెరికాలో పేకముక్కల నల్ల స్పేడును నల్లవారి మీద తిట్టుగా వాడటం మొదలయ్యాక, ఈ నానుడిని ఇప్పుడు చాలామంది మానుకుంటున్నారు.

‘బ్లంట్’ పుట్టుక తేలలేదు. మొద్దు బుర్ర, మొద్దు అంచు అన్న అర్థాల్లోంచి 16వ శతాబ్దం చివర మొద్దు మాట అన్న అర్థం వచ్చింది. ‘స్ట్రెయిట్‌ఫార్వర్డ్’ 19వ శతాబ్దపు మాట. ‘బ్లఫ్’ ఒకప్పుడు ఓడ ముందుభాగం వెడల్పుగా చదునుగా ఉండటం, తర్వాత నదురూ బెదురూ లేకుండా మాట్లాడే మనిషి గుణం. పేకాటలో మోసానికి వాడే బ్లఫ్ వేరే మాట, అయినా ఇవాళ అదే గెలిచింది.

‘ప్లెయిన్’ దగ్గర మాత్రం నిదానంగా ఆగాలి. లాటిన్‌లో ‘ప్లానుస్’ అంటే చదును. ఈ మాటకు ప్రాణం పోసినవాళ్లు 1650లలో జార్జ్ ఫాక్స్ వెనక నడిచిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. అప్పటి ఇంగ్లీషులో మనకున్నట్టే నువ్వు, మీరు ఉండేవి. కిందివాడిని ‘థౌ’, పైవాడిని ‘యూ’ అనాలి. పైవాడి ముందు టోపీ తీయాలి. ఒక్క మనిషిని ‘మీరు’ అని బహువచనంలో పిలవడం అబద్ధం అన్నారు క్వేకర్లు. రాజైనా జడ్జీ అయినా ‘నువ్వు’ అన్నారు, టోపీ తీయలేదు. దానికి జైళ్లకు వెళ్లారు.

థామస్ ఎల్‌వుడ్ అనే కుర్రవాడి ఆత్మకథ 1714లో అచ్చయింది. తండ్రి ఊళ్లో పెద్ద కామందు, న్యాయాధికారి. ఇరవై ఏళ్ల వయసులో, 1659–60 ప్రాంతంలో క్వేకర్ల మాట విని వచ్చిన కొడుకు తండ్రి ఎదుట టోపీ పెట్టుకునే నిలబడ్డాడు. తండ్రి రెండు చేతులా కొట్టి టోపీ లాక్కున్నాడు. ఇంకో టోపీ పెట్టాడు, అదీ పోయింది. ఇంట్లో ఉన్న టోపీలన్నీ అలా పోయాక, బయటికి వెళ్లడానికి నెత్తిన ఏమీ లేక చలికాలమంతా ఇంట్లోనే ఉండిపోయాడు. టోపీ కంటే తండ్రికి ఎక్కువ మంట పుట్టించింది ‘నువ్వు’ అనే మాట. ఇంకోసారి నన్ను అలా పిలిస్తే పళ్లు రాలగొడతానని బెదిరించాడు. మన ఇళ్లలో కొడుకు తండ్రిని నువ్వు అని పిలవడం కొత్త కాదు గానీ, ఊరి పెద్దను అలా పిలిస్తే ఏమవుతుందో ఏ తెలుగువాడికీ వేరే చెప్పక్కర్లేదు. ఎల్‌వుడ్ తర్వాత చూపు పోయిన కవి మిల్టన్‌కు లాటిన్ పుస్తకాలు చదివిపెట్టాడు. దొర బిడ్డ అయినా అతనికి దెబ్బలతో సరిపోలేదు, తర్వాత జైలుకూ వెళ్లాడు. చేతిపనులవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా నెలల తరబడి చెరసాలల్లో మగ్గారు.

వాళ్లు అక్కడితో ఆగలేదు. దుకాణంలో బేరం కూడా అబద్ధమే అన్నారు. పది అడిగి ఏడుకు ఇవ్వడంలో మొదటి పది అబద్ధం కదా. అందుకని ఒకే ధర చెప్పారు. మొదట్లో కొనేవాళ్లు తగ్గిపోయారు. తర్వాత చిన్నపిల్లను పంపినా మోసం జరగదన్న నమ్మకం కుదిరి జనం వెతుక్కుంటూ వచ్చారని ఫాక్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. కోర్టులో ఒట్టు వేయనన్నారు. ఒట్టు వేస్తేనే నిజమంటే, మిగతా రోజుల్లో ఆడేది అబద్ధమని ఒప్పుకున్నట్టు అన్నది వాళ్ల వాదన. 1695లో ఇంగ్లండు పార్లమెంటు వాళ్లకోసం చట్టం చేసి, ప్రమాణం బదులు ధ్రువీకరణ చాలంది. ఆ వెసులుబాటు వలస చట్టాల గుండా మన దాకా వచ్చింది. మన రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఎమ్మెల్యేలకూ మంత్రులకూ దేవుడి పేరు మీద ప్రమాణం చేయడమా, ఆ పేరెత్తకుండా గంభీరంగా ధ్రువీకరించడమా అని రెండు దారులు ఉన్నాయి. 1969 నాటి ప్రమాణాల చట్టం కోర్టు సాక్షులకూ ఆ దారి ఇచ్చింది. హైదరాబాదులోనో వెలగపూడిలోనో సభ మొదటిరోజు దేవుడి పేరెత్తకుండా సభ్యత్వం తీసుకునే నాస్తికుడి వెనక, టోపీ తీయనని మొండికేసిన ఆ పాత మనుషులు ఉన్నారు.

ఫ్రాంక్‌గా మాట్లాడటం పుట్టుకతో వచ్చే హక్కుగా ఉన్న లోకంలో, ఆ హక్కు లేనివాళ్లు దాన్ని తీసుకున్నది ఇక్కడే. అందుకే ఈ మాటలన్నిటిలోకీ నాకు ప్లెయిన్ అంటే ఎక్కువ గౌరవం. అందులో తెల్లబట్ట లేదు, పదవి లేదు, గెలిచిన తెగ లేదు.

తెలుగుకు ఈ మాటల కొరత ఏమీ లేదు. ముక్కుసూటిగా అంటాం, కుండబద్దలు కొట్టినట్టు అంటాం, నిక్కచ్చిగా, ఉన్నదున్నట్టు, మొహమాటం లేకుండా అంటాం. అయినా ‘ఫ్రాంక్‌గా’ మన నోట స్థిరపడింది. యూట్యూబులో సినిమావాళ్లతో గంటలకొద్దీ మాట్లాడించిన టి.ఎన్.ఆర్. తన కార్యక్రమానికి ‘ఫ్రాంక్లీ విత్ టి.ఎన్.ఆర్.’ అని పేరు పెట్టుకున్నారు. 2021 మేలో కోవిడ్‌తో ఆయన పోయినప్పుడు, ఆ కుర్చీలో కూర్చుని ఎక్కడా చెప్పని సంగతులు చెప్పుకున్న నటులు ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్లు అక్కడ మనసు విప్పడానికి కారణం పేరులోని ఇంగ్లీషు కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి వినే తీరు.

మిగతా చోట్ల ఆ మాట ఎవరు ఎవరితో అంటారో గమనిస్తే పాత అర్థం ఇంకా చావలేదని తెలుస్తుంది. మామయ్య అల్లుడితో అంటాడు, మేనేజరు కింది ఉద్యోగితో అంటాడు, పెళ్లివారు పిల్ల తండ్రితో అంటారు. కిందినుంచి పైకి చెప్పాల్సి వచ్చినప్పుడు ‘ఫ్రాంక్‌గా’ రాదు, ‘మీరేమీ అనుకోనంటే ఒక్క మాటండీ’ అని వస్తుంది. ముందు అనుమతి, తర్వాత నిజం. మాదాపూర్ ఆఫీసుల్లో ఏటా ‘ఫ్రాంక్ ఫీడ్‌బ్యాక్’ ఇమ్మని ఫారం పంపుతారు. ఉద్యోగులు ప్రశ్నల కంటే ముందు చూసేది, పేరు రాయడానికి గడి ఉందా లేదా అన్నది.